పాలిచ్చే తల్లికి నిజంగా అక్కరకు వచ్చే వస్తువులు

గత వేసవిలో ఒకనాటి ఉదయం మా వైద్యశాలకు ఒక యువకుడు వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి. భార్య ప్రసవించి ఆరు దినాలైనదట. అతని చేతిలో ఒక కాగితం, దానిపై పద్నాలుగు వస్తువుల పేర్లు వరుసగా వ్రాసి ఉన్నవి. పాలు పిండే యంత్రం, పాలసీసాలు, సీసాలను ఆవిరితో శుభ్రపరచే పాత్ర, చనుమొన తొడుగులు, పాలు పీల్చుకునే మెత్తలు, అర్ధచంద్రాకారపు దిండు, పగుళ్లకు పూతమందు, పాలు పెంచే పొడి, తేనె, గ్రైప్ వాటరు, పాలపొడి డబ్బా ఇత్యాదులు. "సామీ, బిడ్డకు పాలు చాలడం లేదని ఇంట్లో అంటున్నారు. వీటిలో ఏవి కొనమంటారు?" అని అడిగాడు.

నేను కాగితం ప్రక్కన పెట్టి, "నాయనా, అమ్మాయికి దినానికి ఎన్ని నీళ్లు ఇస్తున్నారు?" అన్నాను. అతడు తెల్లబోయాడు. "పచ్చి బాలింత కదా సామీ! మా అత్తగారు రెండు గ్లాసులకు మించి ఇవ్వనివ్వడం లేదు" అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఊరకే అడగలేదు. దాని వెనుక మా ఇంటనే జరిగిన ఒక పొరపాటు ఉన్నది. పాఠకులకు మేలు కలుగుతుందన్న ఉద్దేశంతో దానిని దాచకుండా వ్రాస్తున్నాను.

మా ఇంట జరిగినది

2011 వ సంవత్సరం మే నెల. మా పెద్దమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ప్రసవం సుఖంగా జరిగింది. బిడ్డ 2 కిలోల 800 గ్రాములు. మూడవనాడు ఇంటికి తీసుకువచ్చాము. కర్నూలు ఎండలు మీకు తెలియనివి కావు. గోడలు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని కక్కుతూ ఉన్నవి. మా ఇంటి ఇల్లాలు తన తల్లి చేసిన విధంగానే అన్నీ చేసింది. కిటికీలు మూసిన గది, చెవులలో దూది, సాంబ్రాణి పొగ, పాతబియ్యపు అన్నంలో వెల్లుల్లి కారం, దినానికి రెండు మూడు గ్లాసుల వేడినీళ్లు, అంతే. తొలినాటి ముర్రుపాలను "చెడుపాలు" అని గుడ్డలోకి పిండి పారవేశారు. బిడ్డకు నాకించిన తేనెను నా చేతులతో నేనే రంగరించి ఇచ్చాను.

అప్పటికి నేను ముప్పదేండ్లుగా వైద్యం చేస్తున్నవాడను. అయినను "పురిటి గది ఆడవారి రాజ్యం" అనుకుని వసారాలో కూర్చున్నాను.

అయిదవనాటికి బిడ్డ మత్తుగా పడి ఉండడం మొదలుపెట్టింది. దినానికి రెండుసార్లు మాత్రమే మూత్రం, అదియును ముదురు రంగులో. అమ్మాయి పెదవులు ఎండిపోయినవి, తలనొప్పితో లేవలేకున్నది. ఎవరో పాలసీసా తెచ్చారు. రెండు దినాలు సీసా త్రాగిన పిమ్మట బిడ్డ రొమ్ము పట్టడం మానివేసింది. పట్టించబోతే వెనక్కు విరుచుకుని ఏడ్చేది. "నాన్నా, నా బిడ్డే నన్ను వద్దంటోంది" అని అమ్మాయి కంటతడి పెట్టినప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఏడవనాడు మా వీధిలోని విశ్రాంత నర్సమ్మ చూడవచ్చింది. ఆమె మొదట మంచం ప్రక్కనున్న ఖాళీ గ్లాసును చూసింది. తరువాత బిడ్డ రొమ్ము పట్టే తీరును చూసింది. "సామీ, ఈ తల్లికి పాలు లేకపోలేదు. ఆలస్యంగా పట్టించినారు, పట్టు కుదరలేదు, దానికి తోడు తల్లి ఎండిపోతావుంది. ముందు బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించండి. ఆ సీసా తీసి అవతల పెట్టండి. ఇంట్లో ఉగ్గుగిన్నె ఉందా?" అన్నది.

డాక్టరుగారి వద్ద తూచితే బిడ్డ 2 కిలోల 450 గ్రాములే ఉన్నది. తొలి దినాలలో బిడ్డ బరువు కొంత తగ్గడం సహజమే కాని, నూటికి పదవ వంతు దాటరాదు. మా బిడ్డ ఆ హద్దు దాటింది. వారు పరీక్షించి, నర్సమ్మ చెప్పిన మార్గమునే అనుసరించమని, రెండు దినాలకొకసారి తూచమని పంపారు. ఆ సాయంత్రం అటక ఎక్కి మా అమ్మగారి నాటి వెండి ఉగ్గుగిన్నెను దింపాను. పిండిన తల్లిపాలను దానితో పట్టాము. తల్లి ప్రక్కన నీళ్ల కూజా ఉంచాము, కిటికీలు తెరిచాము. నాలుగవనాటికి బిడ్డ మరల రొమ్ము పట్టింది. మరి పది దినాలకు పుట్టిననాటి బరువు వచ్చింది. ఆ బిడ్డ నేడు హైస్కూలులో చదువుతున్నది.

నాటి నుండి పాలిచ్చే తల్లికి ఏ వస్తువు కొనదలచినను ఒక్క ప్రశ్న వేసుకొమ్మని చెబుతున్నాను: ఇది బిడ్డను తల్లికి దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా?

శాస్త్రం చెప్పినది

తుంగభద్ర ఒడ్డున మా గురువుగారి ఇంట పాఠం చెప్పుకున్న రోజులలో సుశ్రుత సంహితలోని స్తన్య ప్రకరణం నాకు కంఠస్థం. బిడ్డను తలచుట, చూచుట, తాకుట చేత తల్లికి పాలు చేపునని, దానికి ఎడతెగని వాత్సల్యమే హేతువని అందున్నది. కోపం, దుఃఖం, వాత్సల్యలోపం వల్ల స్తన్యం క్షీణించునని కూడా ఉన్నది. నేటి వైద్యులు ఇదే విషయమును మరొక విధంగా చెబుతారు. బిడ్డ చప్పరించినకొలది ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలను తయారు చేస్తుంది. ఆక్సిటోసిన్ అనేది ఆ పాలను చేపునట్లు చేస్తుంది. నొప్పి, భయం, దిగులు ఉంటే ఈ రెండవది అణగిపోతుంది.

ఒక విషయంలో మాత్రం మనం సరిదిద్దుకొనవలసి ఉన్నది. ప్రసవించిన మూడు నాలుగు రాత్రుల పిమ్మట స్తన్యం ప్రవర్తించునని సుశ్రుతుడు చెప్పి, అంతవరకు తేనె, నెయ్యి నాకించే విధి చెప్పాడు. చరకుడు తేనె, నెయ్యి చెబుతూనే, ఆ వెంటనే కుడి రొమ్మును మొదట పట్టించమన్నాడు. అనగా మన ఆచార్యులలోనే భేదమున్నది. నేటి పరిశోధన చరకుని ప్రక్కన నిలిచింది. ప్రసవించిన గంటలోపు బిడ్డను రొమ్ముకు చేర్చవలెను. పసుపు వర్ణంలో చిక్కగా ఉండే ముర్రుపాలలో రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలు మెండుగా ఉంటవి. తొలినాడు ఒక్కొక్కసారికి చెంచాడు పాలే బిడ్డకు చాలును. తేనెలో బొటులిజమ్ అనే ప్రమాదకర వ్యాధిని కలిగించే బీజాలు ఉండవచ్చును గనుక ఏడాది నిండనిదే తేనె చుక్క కూడా నాకించరాదు. ఇది తెలిసిన నాటి నుండి నేను పురిటి బిడ్డలకు తేనె ఇవ్వడం మానివేశాను. దీనివలన శాస్త్రానికి అగౌరవం చేసినట్లు నేను భావించను.

ఇక వస్తువుల మాట.

1. నీళ్ల కూజా

మొదటి వస్తువు ఇదే. పాలిచ్చే తల్లి చేతికి అందేటట్లు ఒక కూజా, ఒక గ్లాసు ఉంచండి. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారి ఒక గ్లాసు త్రాగమనండి. నీళ్లు అతిగా త్రాగినంత మాత్రాన పాలు పొంగవు. కాని కర్నూలు, నంద్యాల, కడప ఎండలలో దాహమును అణచి ఉంచితే తల్లికి నీరసం, తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట తప్పవు. "నీళ్లు త్రాగితే పొట్ట పెరుగుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది" అన్నవి ఆధారం లేని మాటలు. కాచి చల్లార్చిన నీళ్లు, జీలకర్ర వేసి మరిగించిన నీళ్లు, పలుచని మజ్జిగ, రాగి జావ, అన్నియు మంచివే.

బిడ్డకు మాత్రం ఎంత ఎండ అయినను ఆరు నెలలు నిండేవరకు చుక్క నీరు పట్టరాదు. తల్లిపాలలో నూటికి ఎనభై ఏడు పాళ్లకు పైగా నీరే ఉన్నది. దాహం వేస్తే బిడ్డ మరొకసారి పాలు త్రాగుతుంది.

2. దిండు, కాళ్లపీట, చేతుల కుర్చీ

నులక మంచం నడుమ కుంగిపోయి, వీపునకు ఆధారం లేక, బిడ్డ మీదకు వంగి పాలిచ్చే తల్లికి వారంలో నడుమునొప్పి వస్తుంది. బిడ్డకు పట్టు కూడా కుదరదు. గోడకు ఆనించి వేసిన చేతుల కుర్చీ, కాళ్ల క్రింద ఒక పీట, ఒడిలో గట్టి దూది దిండు ఉంటే చాలును. బజారులో దొరికే అర్ధచంద్రాకారపు దిండు కొనదలచినవారు కొనుక్కోవచ్చును. లేనివారు ఆదోని దూదితో ఇంటనే ఒకటి కుట్టించుకోవచ్చును. సిజేరియన్ అయిన తల్లి బిడ్డను చంక ప్రక్కగా దిండుపై పరుండబెట్టుకుని పాలిస్తే కుట్టుపై బరువు పడదు.

తల్లి బిడ్డ వద్దకు వంగరాదు, బిడ్డనే రొమ్ము వద్దకు తీసుకురావలెను. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆని ఉండవలెను. బిడ్డ నోరు బాగుగా తెరిచినప్పుడు చనుమొనను మాత్రమే గాక దాని చుట్టునున్న నల్లని వలయంలో అధికభాగమును నోటిలోకి పోనివ్వవలెను. గడ్డం రొమ్మును తాకుతూ, క్రింది పెదవి వెలుపలికి తిరిగి ఉంటే పట్టు సరియైనదని తెలుసుకోండి. తల్లికి నొప్పి ఆగకుండా ఉంటే పట్టు తప్పినదని అర్థం. అప్పుడు చిటికెనవ్రేలు బిడ్డ నోటి మూల నుంచి లోనికి పెట్టి మెల్లగా విడిపించి, మరల పట్టించవలెను.

3. ఉగ్గుగిన్నె

"ఉగ్గుపాలతో నేర్చినది" అనే మాట మన భాషలో ఉన్నది. ఆ పాలు పట్టిన గిన్నె మాత్రం అటకలెక్కి, దాని స్థానంలో రబ్బరు పీక గల సీసా వచ్చింది. నెలలు నిండక పుట్టిన బిడ్డకు, చప్పరించే శక్తి లేని బిడ్డకు, తల్లి జ్వరంతోనో పనిమీదనో దూరంగా ఉన్నప్పుడు, పిండిన పాలు పట్టడానికి ముక్కు గల ఈ చిన్న గిన్నె సీసా కన్నా ఎంతో మేలు. తమిళదేశంలో దీనినే పాలడై అంటారు. నేడు అనేక ఆసుపత్రులలో పసికందుల వార్డులలో దీనినే వాడుతున్నారు.

సీసాతో చిక్కేమిటి? రొమ్మును చప్పరించడానికి బిడ్డ దవడలతో, నాలుకతో శ్రమించవలెను. సీసా పీక నుండి పాలు శ్రమ లేకుండా జారుతవి. రెండింటి తీరు వేరు గనుక కొందరు బిడ్డలు తికమకపడి రొమ్మును వదిలివేస్తారు. రొమ్ము చప్పరించనిదే పాలు తయారు కావు. పాలు తగ్గినవని మరల సీసా పడతారు. మా ఇంట జరిగినది ఇదే. పైగా సీసా మూలలలో, పీక రంధ్రంలో చేరిన పాలు మన ఎండకు త్వరగా పులిసి అతిసారమునకు కారణమవుతవి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు త్రాగునీటికే కటకటలాడినాము. పాలపొడి కలపడానికి, సీసా ఉడికించడానికి నీరెక్కడిది? అట్టి వేళ రొమ్ముపాలు త్రాగే బిడ్డకు మాత్రం ఆ లోటు ఉండదు.

వాడే విధానం: స్టీలుదో వెండిదో గిన్నె తీసుకోండి. కళాయి లేని ఇత్తడి గిన్నె పనికిరాదు. వాడిన ప్రతిసారి సబ్బునీటితో కడిగి, పది నిమిషాలు మరిగే నీటిలో ఉంచవలెను. బిడ్డ మేలుకొని ఉన్నప్పుడు, తల ఎత్తుగా ఉండేటట్లు ఒడిలో కూర్చుండబెట్టుకుని, గిన్నె ముక్కును క్రింది పెదవికి ఆనించవలెను. బిడ్డ తానుగా నాలుకతో అందుకుని మ్రింగవలెనే గాని, మనం నోట్లో పోయరాదు. పోస్తే పాలు ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదమున్నది. ఏడుస్తున్న బిడ్డకు, నిద్రించే బిడ్డకు ఎన్నడూ పట్టరాదు.

పాలడబ్బాలు, సీసాల ప్రకటనలను అరికట్టుతూ మన దేశంలో 1992 లోనే చట్టం వచ్చింది. 2003 లో దానిని మరింత బిగించారు. వైద్యపరమైన కారణంతో డాక్టరు డబ్బాపాలు వ్రాసిన సందర్భం వేరు. అప్పుడు సంకోచం అక్కరలేదు, కాని వాటిని కూడా గిన్నెతోనే పట్టవచ్చును.

4. పాలు పిండే సాధనాలు

అన్నిటికన్న ఉత్తమమైన యంత్రం తల్లి చేయి. చేతులు కడుక్కుని, బొటనవ్రేలిని నల్లని వలయమునకు పైన, చూపుడువ్రేలిని క్రింద ఉంచి, ముందు వెనక్కు, అనగా ఛాతీ వైపు నొక్కి, తరువాత రెండు వ్రేళ్లను దగ్గరకు అదిమి విడువవలెను. చర్మంపై వ్రేళ్లు రాపాడరాదు. కొద్దిసేపటికి పాలు చుక్కలుగా, పిదప ధారగా వస్తవి.

రబ్బరు బుడగ గల చవకరకం పంపు కొనకండి. బుడగలోకి పోయిన పాలను శుభ్రపరచుట కష్టం, చనుమొనకు కూడా గాయమవుతుంది. ఉద్యోగానికి మరలే తల్లికి మంచి చేతి పంపు గాని, విద్యుత్ పంపు గాని ఉపయోగకరమే. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల ప్రసూతి సెలవు ఉన్నది. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పనివేళలలో పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వవలెను. ఉద్యోగినులు ఈ హక్కును అడుగుటకు మొగమాటపడవద్దు.

పిండిన పాలు 25 డిగ్రీల వేడిమి వరకు 4 గంటలు నిలువ ఉంటవి. మన వేసవిలో గది వేడిమి దానిని మించి ఉంటుంది గనుక, పిండిన వెంటనే మూత గల స్టీలు గిన్నెలో పోసి ఫ్రిజ్ లోపలి అరలో ఉంచవలెను. తలుపు అరలో ఉంచరాదు. అక్కడ 4 దినాల వరకు వాడవచ్చును. పట్టేముందు గిన్నెను గోరువెచ్చని నీటిలో ఉంచండి. పాలను కాచరాదు.

తల్లిపాలు అందని నెలలు నిండని శిశువుల కొరకు మన దేశంలో తొలి తల్లిపాల నిధి 1989 లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో ఏర్పడింది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017 లో ఏర్పడింది.

5. నొప్పులకు, పగుళ్లకు

చనుమొన పగుళ్లు: చాలావరకు తప్పు పట్టువలననే వస్తవి. పట్టు సరిచేయనిదే ఏ పూతమందు పని చేయదు. పాలిచ్చిన తరువాత చివరి పాలచుక్కలనే పగులుకు రాసి గాలికి ఆరనివ్వండి. ఆవునేతిని రాగిపాత్రలో నీటితో నూరుమార్లు కడిగి చేసే శతధౌత ఘృతమును మేము వాడుతాము. పలుచగా రాసి, పాలిచ్చేముందు తడిగుడ్డతో తుడిచివేయవలెను. మందుల షాపులలో దొరికే లానోలిన్ పూత గొర్రె ఉన్ని నుండి తీసే కొవ్వు. అదియును మంచిదే. సబ్బుతో చనుమొనలను మాటిమాటికి కడుగరాదు.

రొమ్ములు గట్టిపడితే: మూడు నాలుగు దినాలకు పాలు దిగి రొమ్ములు రాయివలె బిగిసి నొప్పి పెడతవి. పాలివ్వడానికి ముందు గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డ కొద్దిసేపు వేసి, కొన్ని పాలు పిండి మెత్తబరచి పట్టించండి. పిమ్మట చల్లని గుడ్డ వేయండి. చల్లని క్యాబేజీ ఆకులు కప్పుట అనేక దేశాలలో ఉన్న చిట్కా, చేసినందువలన హాని లేదు. మల్లెపూలు మాత్రం రొమ్ములకు కట్టరాదు. పాలు ఇంకిపోవడానికి మల్లెలు కట్టే ఆచారమును వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు పరీక్షించి, అవి నిజంగానే పాలను తగ్గిస్తవని 1988 లో ప్రకటించారు. తలలో ముడుచుకున్నందుకు భయం లేదు.

చనుమొన లోనికి పోయి ఉంటే: 10 లేదా 20 మిల్లీలీటర్ల కొత్త సిరంజి తీసుకుని, సూది అమర్చే కొసను కోసివేసి, ఆ కోసిన వైపు నుండి లోపలి పిడిని దూర్చవలెను. నునుపైన రెండవ వైపును చనుమొనపై ఉంచి పిడిని మెల్లగా లాగితే చనుమొన వెలుపలికి వస్తుంది. ప్రసవానంతరం, పాలిచ్చేముందు, అర నిమిషం పాటు, నొప్పి కలుగకుండా చేయవలెను. మొదటిసారి నర్సు ఎదుట చేసి నేర్చుకోండి.

పాలు కారుతుంటే: పాత నూలు పంచెను నాలుగు మడతలు చేసి కుట్టిన గుండ్రని మెత్తలు చాలును. తడిసినప్పుడల్లా మార్చి, ఉతికి, ఎండలో ఆరవేయండి. మన సీమలో ఎండకు కరవు లేదు.

6. పాలు పెంచే ఆహారం, ఔషధం

పాలిచ్చే తల్లికి తొలి ఆరునెలలు దినానికి 600 కేలరీల ఆహారం అదనంగా కావలెనని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. వట్టి కారపు అన్నంతో ఇది సమకూడదు. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి, కందిపప్పు, ఉలవచారు, మునగాకు కూర, నువ్వులు బెల్లం ఉండలు, పాలు, పెరుగు, తినేవారికి గ్రుడ్లు, మాంసం, వీటిలో ఏదియు నిషేధం కాదు. వెల్లుల్లి, శొంఠి, జీలకర్రలతో చేసే బాలింత కాయం ఉసిరికాయంత తీసుకుంటే జీర్ణశక్తికి మంచిది. ఎండాకాలంలో శొంఠి, పిప్పళ్ల పాలు తగ్గించి చేసుకోండి.

ఔషధాలలో నేను మొదట తలచేది శతావరి. మన నల్లమలలో పెరిగే పిల్లిపీచర ఇదే. భావప్రకాశ నిఘంటువు దీనిని స్తన్యకరమన్నది. ఎండబెట్టిన వేరుల చూర్ణం 3 గ్రాములు గ్లాసు పాలలో ఉదయం, రాత్రి వైద్యుని సలహాపై తీసుకోవచ్చును. బజారులో దొరికే తియ్యని పొడులలో అధికభాగం చక్కెర గనుక మధుమేహం ఉన్న తల్లులు జాగ్రత్త వహించవలెను. మెంతులు ఎక్కువైతే తల్లి రక్తంలో చక్కెరను తగ్గిస్తవి, కొందరు బిడ్డలకు విరేచనాలు కలిగిస్తవి. ఇంతకన్న ముఖ్యమైన మాట: దినానికి ఎనిమిది నుండి పన్నెండు మార్లు, రాత్రితో సహా, బిడ్డకు పట్టించకుండా కేవలం శతావరి వలన ప్రయోజనం లేదు. ఔషధం సహాయకారి మాత్రమే.

7. ఇంటిలో ఉంచకూడనివి

పాలసీసా, నోటిలో పెట్టే ఉత్త రబ్బరు పీక, తేనె, గ్రైప్ వాటరు, చక్కెర నీళ్లు. ఉగ్గుగిన్నెను మరల దింపమన్నాను గదా అని పూర్వపు ఉగ్గును, అనగా ఆముదం కలిపిన పాలను, పట్టరాదు. ఆముదం విరేచనకారి. పసికందుకు విరేచనాలైతే ఒంటిలో నీరు పోతుంది, కొన్నిసార్లు ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం కూడా కలుగుతుంది. గిన్నె మంచిది, అందులోని ఆముదం మంచిది కాదు.

పాలు చాలుతున్నవా?

బిడ్డ ఏడుపును బట్టి నిర్ణయించకండి. అయిదవ దినం తరువాత దినానికి ఆరు, అంతకు మించి సార్లు లేత రంగు మూత్రం పోస్తే, రెండు వారాలలో పుట్టిననాటి బరువుకు చేరితే పాలు చాలుతున్నట్లే. అంగన్‌వాడీలో తూచే యంత్రముంటుంది. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 వ దినాలలో ఇంటికి వస్తుంది. ఆమెను వాకిటిలోనే పంపివేయక లోనికి పిలిచి, పాలిచ్చే తీరును చూడమనండి.

బిడ్డ మత్తుగా ఉండి పాలు త్రాగకున్నను, మూత్రం తగ్గినను, పచ్చకామెర్లు అరచేతులకు, పాదాలకు పాకినను, తల్లికి జ్వరంతో రొమ్ము ఎర్రబడి నొప్పి పెట్టినను ఇంటి వైద్యంతో కాలహరణం చేయక అదేనాడు డాక్టరుకు చూపవలెను. రొమ్ము వాచినప్పుడు కూడా పాలివ్వడం మానరాదు. తల్లికి దిగులు, నిద్రలేమి, కారణం లేని ఏడుపు రెండు వారాలు దాటితే దానిని కూడా వ్యాధిగానే ఎంచి వైద్యసహాయం పొందండి, గయ్యాళితనమని నిందించకండి.

ఇక ఆ బ్యాంకు ఉద్యోగి కాగితం సంగతి. మూత్రం లెక్క అడిగితే దినానికి మూడు నాలుగు సార్లన్నాడు. అందుచేత ఆనాడే బిడ్డను పిల్లల డాక్టరుకు చూపి తూచమన్నాను. పద్నాలుగింటిలో దిండును, మెత్తలను ఉంచి, పంపునకు "సెలవు ముగిసే నెల" అని ప్రక్కన వ్రాసి, తక్కినవి కొట్టివేశాను. క్రింద రెండు చేర్చాను: నీళ్ల కూజా, ఉగ్గుగిన్నె. "అత్తగారితో నేను చెప్పానని చెప్పు, కాదంటే ఆమెనే ఇక్కడికి తీసుకురా" అన్నాను. మరునాడు ఆమె వచ్చింది. నేను మా అమ్మాయి కథ అంతయు చెప్పాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "నాకూ మా అమ్మ నీళ్లు ఇయ్యలేదు సామీ. ఆ దప్పిక నాకింకా గుర్తుంది" అన్నది.

ఈ వ్యాసం చదివే అమ్మలకు, అత్తలకు నా మనవి ఒక్కటే. మీరు పడిన దప్పికను మీ బిడ్డలకు ఆచారంగా అప్పగించకండి. మీ ఇంట బాలింత ఉంటే, ఈ పత్రికను ప్రక్కన పెట్టి, ముందు వెళ్లి ఆమె కూజా నిండుగా ఉన్నదేమో చూడండి.